గొళ్లెం పెట్టిన మధ్యాహ్నం

మా ఇల్లు ప్రజ్ఞాపూర్ చౌరస్తాకు దగ్గర. దగ్గరంటే, బస్సు దిగిన మనిషికి చేతిలో సంచి బరువనిపించేలోపే మా వాకిట్లో ఉంటాడన్నమాట. రాజీవ్ రహదారి మీద హైదరాబాదుకు పోయే సిద్దిపేట, కరీంనగర్ బస్సులు ఇక్కడ ఆగుతాయి. మా అత్తమ్మ తరఫు బంధువులంతా ఆ దారి వెంట ఊళ్లలోనే ఉన్నారు. పట్నం దవాఖానకు పోయేవాళ్లు, అక్కణ్ణించి వచ్చేవాళ్లు, కొమురవెల్లి మల్లన్నకు మొక్కు తీర్చబోయేవాళ్లు, పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి వర్గల్ సరస్వతి గుడికి వచ్చినవాళ్లు... అందరికీ ఒక గ్లాసు మంచినీళ్లకు, ఓ బుక్కెడు అన్నానికి మా ఇల్లే అనువు. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకదెంతో గర్వంగా ఉండేది. డిగ్రీ చదివిన కోడలు చెయ్యి దాచుకోకుండా వడ్డిస్తుందని అత్తమ్మ పదిమందిలో చెప్తుంటే కొంగు ఇంకొంచెం బిగించి దోపుకునేదాన్ని.

తర్వాత అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. రెండేళ్లు మంచంలో ఉంది. ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పడం, ఒళ్లు తుడవడం, జావ చెంచాతో పట్టడం, మధ్యమధ్యలో వచ్చేపోయేవాళ్లకు చాయలు, అన్నాలు. ఆడవాళ్లకు ఇవేం కొత్త పనులు కావు లెండి. మీలో ఎందరో ఇంతకంటే ఎక్కువే చేసి ఉంటారు. కానీ నాకు తెలియకుండానే నాలో ఏదో ఎండిపోతూ వచ్చింది. ఎవరైనా వచ్చి తమ కష్టం చెప్తుంటే నా చెవులు వినేవి, తల ఊగేది, లోపల మాత్రం రాయి. అయ్యో అని నోరంటుంటే, ఎప్పుడు లేస్తారా అని కళ్లు గోడ గడియారం మీదుండేవి. అన్నిటికన్నా భయపెట్టింది అదే. పని కాదు, ఆ రాయి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. బిడ్డా అన్న పిలుపును బట్టి ఎవరో తెలిసిపోయింది. మా వరసకు చిన్నమ్మ. మంచి మనిషి. అయినా నేను లేచి వెళ్లి చప్పుడు కాకుండా గొళ్లెం పెట్టి, వంటింట్లో బియ్యం డబ్బా పక్కన కింద కూర్చున్నాను. ఆమె మూడుసార్లు కొట్టింది. కాసేపటికి చెప్పుల చప్పుడు దూరమైంది. కిటికీలోంచి చూస్తే రోడ్డవతల చెట్టు నీడలో నిలబడి ఉంది. చేతికి దవాఖానలో సూది పెట్టినచోట దూది అతుక్కుని ఉంది. నేను తలుపు తీసుకుని రోడ్డు దాకా వచ్చేసరికి సిద్దిపేట బస్సెక్కింది. 

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఈ పేజీ చదివే అక్కచెల్లెళ్లకు చెప్తున్నానంటే కారణం డొక్కా సీతమ్మ గారు.

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టినప్పుడు ఆ వార్త చదివాను. అంతకుముందు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ టీచరుగా పనిచేసిన మా పక్కింటావిడ నోట ఆ పేరు విన్నాను. అడిగినవాళ్లకు లేదనకుండా అన్నం పెట్టిన మహాతల్లి అని అందరూ చెప్పేదే ఆవిడా చెప్పింది. మామూలు రోజుల్లోనైతే చేతులు జోడించి ఊరుకునేదాన్నేమో. కానీ గొళ్లెం పెట్టిన మధ్యాహ్నం నా వెనక ఉంది కదా! అందుకని ఆవిడ ఎంత గొప్పదన్నది నాకక్కర్లేకపోయింది. ఆవిడ అలిసిపోలేదా, తలుపు వేసుకోవాలని ఒక్కనాడూ అనిపించలేదా అన్నదే నాకు కావలసి వచ్చింది. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని దొరికినవన్నీ చదివాను, తెలిసినవాళ్లనల్లా అడిగాను.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరం గారు, తల్లి నరసమ్మ గారు. తండ్రి కూడా ఇంటికొచ్చిన వాళ్లకు లేదనకుండా బువ్వ పెట్టేవారట. అందుకే ఊళ్లో ఆయన్ని బువ్వన్న గారనేవారు. ఎంత ముద్దైన పేరో చూడండి! తల్లి చిన్నప్పుడే పోవడంతో ఆ ఇంటి వంట, వడ్డన చిన్నవయసులోనే సీతమ్మ చేతికొచ్చాయి. అంటే అన్నం పెట్టడం ఆవిడకు పెద్దయ్యాక పట్టుకున్న వ్రతం కాదు. మనకు ముగ్గు వేయడం ఎలా వచ్చిందో ఆవిడకు అదలా వచ్చింది. 

ఒకరోజు లంకల గన్నవరం నుంచి డొక్కా జోగన్న గారు పండిత సభకు వెళ్లి తిరిగొస్తూ వాళ్లింట్లో భోజనానికి ఆగారు. పొలాలూ పాడీ ఉన్న గృహస్థు ఆయన. ఆ పిల్ల వడ్డించిన తీరు, అతిథిని చూసుకున్న తీరు ఆయనకు నచ్చాయి. అడిగి పెళ్లి చేసుకున్నారు. అలా సీతమ్మ గారు మండపేట వంటింట్లోంచి గన్నవరం వంటింట్లోకి వచ్చారు.

ఆ ఊరు ఎక్కడుందో చెప్పాలి. ఎందుకంటే సగం కథ ఆ ఊరు ఉన్న చోటులోనే ఉంది. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలిపోతుంది కదా, అందులో వైనతేయ పాయ ఒడ్డున కోనసీమలో ఉందా ఊరు. చుట్టూ లంకలు. ఏటికి ఇటువైపు వాళ్లు అటు పోవాలన్నా, అంతర్వేది నరసింహస్వామి దగ్గరికి పోవాలన్నా పడవ దాటాలి. గాలి తిరగబడితే పడవ రాదు. ఏరు పొంగితే రోజుల తరబడి రాదు. హోటళ్లు లేని కాలం. పెళ్లివారు, కోర్టు పనుల వాళ్లు, యాత్రికులు, బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి పోయే ఆడవాళ్లు... అందరూ ఆ రేవు దగ్గర ఆకలితో నిలబడాల్సిందే. అక్కడొక ఇల్లుంది, పొయ్యి ఆరదని తెలిశాక ఇంకెక్కడికి పోతారు చెప్పండి!

ఇది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. మాది చౌరస్తా, ఆవిడది రేవు. అంతే తేడా అనుకున్నాను. అంతే తేడా కాదని తర్వాత తెలిసింది.

ఆవిడకు తిండిగింజలు ఎక్కణ్ణించి వచ్చాయన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆడదాన్ని కనుక నా కళ్లు ముందు గాదె మీదికే పోయాయి. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టారు. 1852లో అది పూర్తయ్యేనాటికి సీతమ్మ గారికి పదకొండేళ్లు. అదే కాలంలో గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా అక్విడక్టు కట్టి, అంటే ఏటి మీద వంతెనలాగా కాలువను దాటించి, అవతలి నగరం లంకకు నీళ్లిచ్చారు. వరదలకు మునిగి, వానల్లేనప్పుడు ఎండిన నేల కాలువ నీళ్లతో వరిమడి అయింది. 1876-78 మధ్య ధాత కరువుకు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది చచ్చిపోయారు. రాయలసీమ ఊళ్లు పాడుబడ్డాయి. కాలువలున్న ఈ డెల్టాలో మాత్రం వడ్లు పండాయి. సీతమ్మ గారికి అప్పుడు ముప్ఫై అయిదు, ముప్ఫై ఆరేళ్లు. ఇంచుమించు నా వయసు.

అంటే ఆవిడ దయకు వెనక కాలువ ఉంది, పొలం ఉంది, పాడి ఉంది, అరటితోటలూ కొబ్బరిచెట్లూ కంద దుంపలూ ఇచ్చే మట్టి ఉంది. ఇలా అంటే కొందరికి కోపం రావచ్చు, మహనీయురాలి గొప్పను తగ్గిస్తున్నానని. తగ్గించడం లేదు. అంత పొలమున్నవాళ్లు ఆ రోజుల్లో ఎందరో ఉన్నారు, వాళ్లందరి పేర్లూ మనకు తెలీదు కదా! నేననేదల్లా, గాదెలో లేనిది గరిటెలోకి రాదని. ఖాళీ గాదె ముందు కూర్చుని నాకు దయ కలగడం లేదేమిటా అని ఏడవడం నేను చేసిన పని.

ఇంకోటి కూడా ఉంది. ఒక్క ఆడమనిషి తన రెండు చేతులతోనే వేళాపాళా లేకుండా వచ్చేవాళ్లకు జీవితమంతా వండి వార్చిందంటే నేను నమ్మను. ఇరవైమందికి పప్పుచారు కాచినదాన్ని, నాకు తెలుసు. రుబ్బేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు, ఆకులు కుట్టేవాళ్లు, పాలు పితికేవాళ్లు, పొలంలో వంగి నాట్లేసేవాళ్లు ఉండితీరాలి. వాళ్ల పేర్లు కథల్లోకి రాలేదు. అన్నిటికంటే ముఖ్యంగా జోగన్న గారు ఉన్నారు. ఆయన చదువుకున్నవారు, వ్యవసాయం చేసేవారు, ఇంటికొచ్చిన జనాన్ని చూసి విసుక్కోలేదు. వరదల్లో ఒక రాత్రి ఏటి అవతలి నుంచి ఆకలి అని కేక వినబడితే దంపతులిద్దరూ కలిసి అన్నం పడవలో పంపే ఏర్పాటు చేశారని ఒక కథ చెప్తారు. ఆ కథలో నాకు పడవకంటే దంపతులిద్దరూ అన్నమాటే ఎక్కువ కనిపించింది. అర్ధరాత్రి ఎవరికో ఆకలేస్తే ఇంటాయన కూడా లేచాడన్నమాట! మా ఇంట్లోనైతే చుట్టం వచ్చాడని విని ఇంటాయన లేచి వెళ్లి కుర్చీలో కూర్చుంటాడు. నేను లేచి వంటింట్లోకి పోతాను. చెడ్డవాడు కాదు పాపం, అలా అలవాటైంది.

పెట్టీ పెట్టీ ఒకదశలో ఆ ఇంటి ఆస్తి తరిగిపోయిందంటారు. అప్పుడు జోగన్న గారు పొలంలో తవ్వుతుంటే గునపానికి రాగిబిందె తగిలిందని, నిండా బంగారు నాణేలున్నాయని గన్నవరం వైపు జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమో కాదో నాకు వాదం లేదు. ఇంత పెట్టిన ఇల్లు ఖాళీ అయిపోతుందేమోనని జనమే భయపడ్డారని మాత్రం ఆ కథ వింటే తెలుస్తుంది. తిన్నవాళ్లు ఆ ఇంటి గాదె గురించి బెంగపెట్టుకుని, తమ కథలో తామే ఒక బిందె పాతిపెట్టారు. మనింట్లో తిన్నవాళ్లకు మన గాదె గురించి ఒక్కసారైనా ఆలోచన వస్తుందా అనిపించింది. వెంటనే ఇంకోటీ అనిపించింది, గాదె ఖాళీ అయిందని నేనెప్పుడైనా నోరువిప్పి చెప్పానా అని.

ఇక అసలు సంగతికి వస్తాను. సీతమ్మ గారు చేసింది ఒక్క పనే, అన్నం పెట్టడం. వచ్చినవాడి కులమేదో అడగలేదు, ఊరేదో అడగలేదు, ఏ వేళకొచ్చావని అడగలేదు అని చెప్తారు. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. నాకింకొకటి తోచింది. అడగకపోవడం వల్ల వాళ్ల కథలన్నీ ఆవిడ నెత్తికెక్కలేదు. ఎవరి కోర్టు గొడవ ఏమైంది, ఎవరి కూతురి కాపురం ఎలా ఉంది, ఎవరికి అప్పెంత అన్న లెక్కలు ఆ వంటింటికి పని లేదు. వాళ్ల ఆకలి ఒక్కటి తీసుకుని మిగతావి వాళ్లకే వదిలేశారు. అన్నదానం గురించి మన పెద్దవాళ్లు చెప్పే మాట మీకు తెలిసిందే. డబ్బు ఎంతిచ్చినా ఇంకా కావాలంటారు, కడుపునిండినవాడు మాత్రమే చాలంటాడు. ఈ మాట ఎప్పుడూ తినేవాడి వైపు నుంచే విన్నాను. పెట్టేవాళ్ల వైపు నుంచి విని చూడండి. చాలు అన్న మాట విన్నప్పుడు వాళ్ల పనీ అయిపోతుంది. విస్తరి ఎత్తేస్తారు, చెయ్యి కడుక్కుంటారు, పడవెక్కి పోతారు. మళ్లీ వచ్చేవాడు కొత్త ఆకలితో వస్తాడు. వెనకటి ఆకలి బాకీ ఉండదు.

అత్తమ్మ మంచం దగ్గర నాకు లేనిది అదే. రెండేళ్లలో ఒక్కరోజూ, ఒక్క పనీ చాలు అనిపించుకుని ముగియలేదు. పైగా వచ్చిన ప్రతి చుట్టం చెప్పిన ప్రతి కష్టమూ నేనే తీర్చాల్సిందన్నట్టు మనసులో పేర్చుకున్నాను. అన్నం పెట్టి ఊరుకుంటే సరిపోయేచోట నేను కథలు కూడా వడ్డించుకుని తిన్నాను.

ఈ అలసటకు డాక్టర్లు పేరు పెట్టారని తర్వాత తెలిసింది. మనిషి పని వల్ల లోపల కాలిపోయి బూడిదవడాన్ని గురించి 1974లో అమెరికాలో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు రాశారు. బర్నవుట్ అన్న మాట ఆయన రాతలతోనే నలుగురికీ తెలిసింది. 1992లో కార్లా జాయిన్సన్ అనే నర్సు, రోగుల బాధ చూసీ చూసీ నర్సులకు దయ కలగడమే ఆగిపోతుందని రాసి, దాన్ని కంపాషన్ ఫెటీగ్ అన్నారు. దయ అలిసిపోవడం. అది చదివి నేను కాసేపు ఏడ్చాను. దుర్మార్గం అనుకున్నది జబ్బు లాంటిదని తెలిస్తే ఏడుపు కూడా వేరుగా వస్తుంది.

సీతమ్మ గారి కాలంలోనే ఇంగ్లండులో ఫ్లారెన్స్ నైటింగేల్ ఉన్నారు. ఈవిడకంటే ఇరవై ఒక్కేళ్లు పెద్ద, ఈవిడ పోయిన మరుసటేడు 1910లో పోయారు. క్రిమియా యుద్ధంలో సైనికులకు దీపం పట్టుకుని సేవ చేసిన తల్లిగా మనమంతా చదువుకున్నాం. 1856లో ఇంటికి తిరిగొచ్చిన ఏడాదికే ఆవిడ మంచం పట్టారనీ, ఏళ్ల తరబడి గది దాటలేదనీ మన పాఠంలో లేదు. యుద్ధంలో అంటుకున్న జ్వరమే దానికి మూలమని ఇప్పటి డాక్టర్ల అభిప్రాయం. చుట్టాలను కూడా ఒకరొకరినే, అదీ చెప్పి వస్తేనే చూసేవారట. ఆ మంచం మీద నుంచే ఆసుపత్రుల లెక్కలు వేశారు, మన దేశంలో ఊళ్లకు మురుగుకాలువలు, మంచినీళ్లు కావాలని రిపోర్టులు రాశారు. దీపం పట్టుకుని తిరిగిన రెండేళ్లకన్నా తలుపేసుకుని రాసిన ఏళ్లలోనే ఎక్కువ ప్రాణాలు కాపాడారని నాకనిపిస్తుంది. గొళ్లెం పెట్టినవాళ్లంతా పాపాత్ములు కారన్నమాట!

సీతమ్మ గారికి కూడా కాదనడం తెలుసు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. దానికి రమ్మని సీతమ్మ గారికి ఆహ్వానం వచ్చిందని, ఆవిడ రానన్నారని చెప్తారు. అప్పటికి ఆవిడకు అరవై దాటాయి. రాకపోతే ఫోటో అయినా పంపమన్నారట. దానికీ ఒప్పుకోలేదు. చివరకు జిల్లా కలెక్టరు, ఫోటో పంపకపోతే తన ఉద్యోగానికే ముప్పని బతిమాలుకుంటే, ఆ మనిషి పొట్ట కొట్టడమెందుకని ఫోటోకు కూర్చున్నారట. ఆ ఫోటోను కుర్చీలో పెట్టి గౌరవించారనీ చెప్తారు. అన్నం పెట్టే ఇంటికి కలెక్టరు కూడా ఆకలితోనే వచ్చాడు చూశారా! ఆయనకు కావలసింది ఆయనకిచ్చి పంపించారు. పేరు ప్రతిష్ఠలకు పడవెక్కలేదు. ఆ పడవెక్కి ఉంటే ఇక ఊరూరా సన్మానాలు, ఉపన్యాసాలు, పొయ్యి దగ్గర మాత్రం ఎవరూ ఉండేవారు కారు.

ఇంతవరకూ ఆవిడతో నాకే పేచీ లేదు. పేచీ అంతర్వేది దగ్గర వచ్చింది.

అందరూ కళ్లు చెమర్చి చెప్పే కథ ఇది. ఎప్పుడూ ఇల్లు కదలని సీతమ్మ గారికి ఒకసారి అంతర్వేది వెళ్లి నరసింహస్వామిని చూడాలని కోరిక కలిగింది. పల్లకీలో బయల్దేరారు. దారిలో ఒకచోట బోయీలు అలుపు తీర్చుకోవడానికి దించారు. అదే చెట్ల కింద ఒక పెళ్లిబృందం ఆగి ఉంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారి ఇంట్లో కడుపునిండా అన్నం తినొచ్చని పెద్దవాళ్లు సముదాయిస్తున్నారు. పల్లకీలో ఉన్న ఆవిడ అది విన్నారు. స్వామి దర్శనం మానేసి, వాళ్లకంటే ముందుగా ఇల్లు చేరాలని పల్లకీ వెనక్కి తిప్పించారు. 

ఈ కథను గొప్పగా చెప్తారు. గొప్పదే. కాని నాకు మాత్రం ఆ పల్లకీ తిరుగుతుంటే గుండె కలుక్కుమంది. జీవితంలో ఒక్కసారి తనకోసం ఒకటి కోరుకుంది ఆ తల్లి. ఆ ఒక్క పూటా ఆ ఇంట్లో ఇంకెవరూ పొయ్యి వెలిగించలేరా? అంతమంది తిన్న ఊళ్లో ఆ పిల్లలకు తలా ఒక ముద్ద పెట్టే ఇల్లు ఇంకొకటి లేదా? మా పక్కింటి టీచరమ్మతో ఈ మాటంటే ఆవిడ నొచ్చుకుంది. ఆవిడకు అన్నం పెట్టడంలోనే నరసింహస్వామి కనబడ్డాడు, నీకది అర్థం కాదు అంది. నిజమే కావచ్చు. ఆవిడకు తిరిగి రావడమే సంతోషమై ఉండొచ్చు. పొయ్యి దగ్గరే హాయిగా ఉండే మనుషులుంటారు, మా అమ్మ అలాంటిదే. కానీ ఆ కథ మనకు చెప్పేటప్పుడు చెప్పేవాళ్ల కళ్లు మన మీద ఉంటాయి, గమనించారా? మీరూ ఇలా పల్లకీ తిప్పాలమ్మా అన్నట్టు. సీతమ్మ గారు తనంతట తాను తిప్పించారు. మన పల్లకీని ఇంకొకరు తిప్పుతారు. రెండూ ఒకటి కావు.

సీతమ్మ గారు 1909లో పోయారు. 2000 సంవత్సరంలో గన్నవరం దగ్గర పాత అక్విడక్టు పక్కన కట్టిన కొత్తదానికి ఆవిడ పేరు పెట్టారు. ఆవిడ ఇంటికి అన్నం తెచ్చిపెట్టిన నీళ్లు ఇప్పుడు ఆవిడ పేరు మీదుగా పోతున్నాయి. పేరు పెట్టినవాళ్లు ఇదంతా ఆలోచించి పెట్టారో లేదో గాని, ఇంతకంటే తగిన చోటు నాకు తోచలేదు.

అత్తమ్మ పోయి ఏడాది దాటింది. పోవడానికి ముందు నాలుగు నెలలు మాత్రం ఇంట్లో కొంచెం మారింది. నేనే నోరు విప్పాను. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర, నా గాదె ఖాళీ అయిందని మా వారితో చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు, బియ్యం తెమ్మంటావా అన్నారు. గొళ్లెం సంగతి చెప్పాక అర్థమైంది. పొద్దున అత్తమ్మ ఒళ్లు తుడవడం ఆయన చేతికి వెళ్లింది. మొదట్లో తల్లీకొడుకులిద్దరూ సిగ్గుపడ్డారు, వారానికి అలవాటైంది. మా యారాలు నెలకు పదిరోజులు వచ్చి ఉంది. అంతకుముందు ఎందుకు రాలేదని నేనడగలేదు, ఇన్నాళ్లూ ఎందుకు పిలవలేదని ఆమే అడిగింది. వచ్చే చుట్టాలకు మాత్రం అన్నం, చారు, తొక్కు, మజ్జిగ. అంతే. కూరలు నాలుగు రకాలు మానేశాను. తిన్నాక చాప పరిచి, పడుకోండి, నేనూ పడుకుంటా అని చెప్పడం నేర్చుకున్నాను. కోపం తెచ్చుకున్నవాళ్లు ఇద్దరున్నారు. మిగతావాళ్లు హాయిగా పడుకున్నారు.

చిన్నమ్మ దసరాకు ముందు వచ్చింది. గొళ్లెం వేసి ఉండటం ఆ రోజు ఆమెకు తెలిసిందో లేదో. నేను మాత్రం చెప్పేశాను. ఆమె చారు జుర్రుకుంటూ విని, నాకు తెలుసు బిడ్డా, కిటికీలో నీ చీరె కొంగు కనబడింది అంది. తర్వాత ఇంకొంచెం మజ్జిగ పోయమంది. పోశాను. చాలంది.

మాఘమాసంలో అంతర్వేదిలో స్వామివారి కల్యాణం జరుగుతుంది. ఈసారి వెళ్దామని నేనూ యారాలూ అనుకుంటున్నాం. రాజమండ్రి దాకా రైల్లో పోయి, అక్కణ్ణించి బస్సులో గన్నవరం మీదుగా, ఆవిడ పేరున్న అక్విడక్టు చూసుకుంటూ. ఆ మూడురోజులు ఇంటికెవరైనా వస్తే ఎలాగని మా వారు అడిగారు. బియ్యం డబ్బా ఎక్కడుంటుందో, చారుపొడి ఏ సీసాలో ఉందో ఆయనకు చూపించాను. మా అబ్బాయికి ఎసరు కొలత నేర్పుతున్నాను. నిన్న వాడు వండిన అన్నం కొంచెం పలుకయింది.